ఇష్టపడినవారికి మెరిట్ వర్తించదు

మా బావ శ్రీమన్నారాయణకు చీరాలలో స్టీలు సామాన్ల కొట్టుంది. మనిషి బంగారం. కాకపోతే ఒక జబ్బుంది. ఎవరికైనా డబ్బు కట్టాలంటే గడువు తేదీ దాకా ఆగలేడు. మీటరు రీడింగు తీసిన మనిషి వీధి మలుపు తిరిగేలోపే కరెంటు బిల్లు కట్టేస్తాడు. ఇంటిపన్ను కట్టడానికి వెళితే మున్సిపాలిటీ వాళ్లు "ఇంకా డిమాండు వెయ్యలేదండీ, వచ్చే నెల రండి" అని బతిమాలి పంపిస్తారు. నేను బీమా ఏజెంటుని. నా పాలసీదారుల్లో ప్రీమియం గుర్తు చెయ్యక్కర్లేని మనిషి ఆయనొక్కడే. అందుకే ఆయనకు ఇంతవరకూ నేనొక్క క్యాలెండరైనా ఇవ్వలేదు. డైరీలు, క్యాలెండర్లు, స్వీటు డబ్బాలు ఎగ్గొట్టేవాళ్లకు ఇస్తాం. ఎలాగూ కట్టేవాడికి ఇచ్చి ప్రయోజనమేముంది? మా వృత్తిలో ఇది అందరికీ తెలిసిన సంగతే. దీన్నే ఒక విశ్వవిద్యాలయం విద్యాసిద్ధాంతం చేసి నెత్తిన పెట్టుకుంటుందని మాత్రం నేను ఊహించలేదు.

బావకు ఒక్కతే కూతురు, ప్రణవి. మాటలు తక్కువ, లెక్కలు ఎక్కువ. కొట్లో కూర్చుంటే ఏ వారం ఏ సైజు డబ్బా ఎన్ని పోతున్నాయో గీతలు గీసి, "నాన్నా, శ్రావణంలో ఈ సైజు డబుల్ తెప్పించు" అని చెప్పేది. అది చెప్పినట్టే సరుకు పోయేది. ఇంటర్ రెండో సంవత్సరం జనవరిలో, హైవే పక్కన అద్దాల భవనాలు కట్టుకున్న మహోన్నత విశ్వవిద్యాలయం వాళ్లు దాని కాలేజీకి వచ్చి సెమినార్ పెట్టారు. సమోసాలు పంచారు, క్యాంపస్ వీడియో వేశారు. చివర్లో పది నిమిషాలు మిగిలితే గణాంకశాస్త్రం ఆచార్యురాలు వసుంధరగారి చేతికి మైకు ఇచ్చారు. వాడరేవులో దిగిన చేపల్ని చూసి సముద్రంలో ఎన్ని మిగిలాయో అంచనా వెయ్యడం ఎలాగో ఆవిడ చెప్పారట. ఆ రోజు ఇంటికొచ్చిన ప్రణవి అన్నం ముందు కూర్చుని, "మామయ్యా, కనపడనివాటిని కూడా లెక్కపెట్టొచ్చంట. నేను ఆ మేడం దగ్గిరే చదువుతా" అంది. అది అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదటిసారి.

ఆ విశ్వవిద్యాలయం ఫీజు పూర్తిగా కట్టే తాహతు బావ కొట్టుకు లేదు. సగం మెరిట్ స్కాలర్‌షిప్ కింద పోతే, మిగతా సగం ఎలాగో తిప్పలు పడి కడతాడు. సెమినార్‌కి వచ్చిన కౌన్సెలర్ అమ్మాయి బావకు ఫోన్ చేసి, "సార్, మీ పాప మార్కులకి మెరిట్ ష్యూర్. ముందు డిపాజిట్ కట్టి సీటు బ్లాక్ చేసుకోండి. ముందు కట్టినవాళ్లకి మా దగ్గర ప్రయారిటీ ఉంటుంది" అంది. బావ జబ్బుకు ఆ మాట చాలు. ఆ సాయంత్రమే డబ్బు కట్టాడు. ఆ ఏడాది డిపాజిట్ కట్టినవాళ్లందరిలో మొదటి పేరు మాదే. అంతటితో ఊరుకున్నాడా? మర్నాడు అక్కనీ పిల్లనీ వెంటబెట్టుకుని వెళ్లి విశ్వవిద్యాలయం గేటు ముందు కొబ్బరికాయ కొట్టి, ఆఫీసులో అందరికీ కాజాలు పంచి వచ్చాడు.

పరీక్షలయ్యాయి. ఫలితాలొచ్చాయి. కాలేజీ మొత్తంమీద ప్రణవే ఫస్టు. వారం తిరక్కుండా మహోన్నత నుంచి ఈమెయిల్ కూడా వచ్చింది. "మీ ప్రతిభ క్షుణ్ణంగా పరిశీలించబడినది. మీకు వర్తించు మెరిట్ స్కాలర్‌షిప్ శాతము: శూన్యము. హృదయపూర్వక అభినందనలు."

బావ దాన్ని నాలుగుసార్లు చదివి, "శూన్యం అంటే పూర్తిగా ఫ్రీ అనేమో పూర్ణా? ఫీజు శూన్యం అని?" అన్నాడు. పాపం, నా మొహంలోకి ఆశగా చూశాడు.

అదే రోజు సాయంత్రం వెనక వీధి విక్రాంత్ అరవై శాతం మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చిందని నవ్వుకుంటూ చెప్పిపోయాడు. ఆ పిల్లవాడు లెక్కల్లో గట్టెక్కడమే వాళ్ల వీధికి పండగ. సెమినార్‌కి వెళ్లింది సమోసా కోసం. అక్కడ ఫోన్ నంబరు రాసిచ్చాడు. ఆ తర్వాత వాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా కట్ చేశాడు. కట్ చేసిన ప్రతిసారీ పది శాతం పెరుగుతూ వచ్చిందట. "ఇంకో నాలుగుసార్లు కట్ చేత్తే మొత్తం ఫ్రీయే బాబాయ్" అన్నాడు మా బావతో.

మర్నాడే నేనూ బావా బయల్దేరి వెళ్లాం. ప్రవేశాలు, ప్రతిభ, ప్రతిష్ఠ అనే మూడు విభాగాలకూ కలిపి ఒకే సంచాలకుడున్నాడు. పేరు డాక్టర్ సత్యప్రమోద్. ఎండాకాలంలో కోటు, ఆ కోటు కోసం గది నిండా చలి. ఆయన మమ్మల్ని సాదరంగా కూర్చోబెట్టి, ప్రణవి మార్కులు చూసి చాలాసేపు మెచ్చుకున్నాడు.

"మరి మా పిల్లకి సున్నా ఏంది సార్? ఫోన్ కట్ చేసేవాడికి అరవై ఏంది?" అన్నాడు బావ.

"మెరిట్ అనగానే మార్కులనుకోవడం కాలం చెల్లిన దృక్పథమండీ. మార్కులు గతానికి సంబంధించిన సమాచారం మాత్రమే. మమ్మల్ని కాదని మరో సంస్థకు వెళ్లగల సామర్థ్యాన్నే మేము మెరిట్‌గా నిర్వచించాం. స్కాలర్‌షిప్ అనేది సందేహంలో ఉన్న విద్యార్థిని సంస్థవైపు ఉన్ముఖం చేసే సాధనం. మీ కుమార్తె జనవరిలోనే ధరావతు చెల్లించి, ఆ సందేహాన్ని స్వచ్ఛందంగా పరిత్యజించారు."

"పరిత్యజించలేదు సార్. డబ్బు కట్టాం."

"మా పరిభాషలో రెండూ ఒకటేనండీ."

"ముందు కట్టినోళ్లకి ప్రయారిటీ అన్నారు గదండీ మీ అమ్మాయి?"

"సందేహం లేదు. మిగతా ఫీజు వసూలు చేయడంలో మీకే ప్రథమ ప్రాధాన్యం."

గోడమీద పెద్ద తెర ఉంది. దానిమీద మా లెక్క తెరిచి చూపించాడు. దాన్ని ఆసక్తి సూచిక అంటారట. సూచిక ఎంత పెరిగితే మెరిట్ అంత తగ్గుతుంది. ధరావతు చెల్లించుట దగ్గరే సగం పోయింది. గేటు ముందు కొబ్బరికాయ, "సాంస్కృతిక అనుబంధం" అని ఒక పద్దు. కాజాలకు "సిబ్బందితో భావోద్వేగ సంబంధం" అని ఇంకొకటి. అన్నిటికన్నా పైన ఎర్రరంగులో ఒక వరుస మెరుస్తోంది.

"ఇది అత్యంత తీవ్రమైన లక్షణం. మా గ్రంథాలయం రాత్రి ఎన్నింటి వరకు తెరిచి ఉంటుందని మీ కుమార్తె ఈమెయిల్ ద్వారా విచారించారు. ఇలాంటి విద్యార్థి వేరే సంస్థకు వెళ్లే అవకాశం గణనీయంగా తక్కువ" అన్నాడు సంచాలకుడు, డాక్టరు జ్వరం చూసినట్టు తల ఊపుతూ.

నాకు ఒళ్లు మండింది. పాతికేళ్లుగా మనుషులకు చావు భయం చూపించి పాలసీలు అమ్ముతున్నవాణ్ణి, నాకే సిగ్గేసింది. చదువుకోవాలన్న కోరికను రోగలక్షణాల్లో చేర్చినవాణ్ణి నేను అంతవరకూ చూళ్లేదు.

"అట్టయితే కట్టింది వెనక్కివ్వండి సార్. మాకు ఆసక్తి లేదనుకోండి" అన్నాడు బావ.

"తప్పకుండా. ధరావతు ప్రత్యర్పణ విభాగాన్ని సంప్రదించండి."

సంప్రదించాం. ఆ విభాగం నాలుగో అంతస్తులో ఉంది. మొదటిసారి వెళితే దరఖాస్తు మీద తల్లి సంతకం కూడా కావాలన్నారు. రెండోసారి వెళితే అక్కను స్వయంగా వచ్చి పెట్టమన్నారు. మూడోసారి అక్కను తీసుకెళితే సంతకం బాగుంది గాని అధికారి సెలవులో ఉన్నాడన్నారు. ఇలా తిరుగుతూ తిరుగుతూ ఒకరోజు దారిలో సంచాలకుడు ఎదురై, జాలిగా ఆగాడు.

"మీరు ఇలా తరచుగా రావడం మీకే నష్టమండీ. గేటు దగ్గర ప్రతి సందర్శనా నమోదవుతుంది. ఒక విద్యార్థి కుటుంబం ఇన్నిసార్లు ప్రాంగణానికి వచ్చిన దాఖలా మా సంస్థ చరిత్రలోనే లేదు. మీ సూచిక శిఖరం దాటింది."

"డబ్బు వెనక్కి తీసుకోడానికండీ మేం వస్తంది!" అన్నాడు బావ.

"ఉద్దేశం ఏదైనా అనుబంధం అనుబంధమే కదా."

అప్పటికి ఈ సిద్ధాంతం ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. మన ఊళ్లలో ఏదైనా అందరికీ తెలిసిందంటే తర్వాత ఏమొస్తుందో మీకు తెలుసు. కోచింగ్ సెంటరొచ్చింది. గడియారస్తంభం దగ్గర మొన్నటిదాకా ఎంట్రన్సు కోచింగ్ ఇచ్చిన మేడకే సున్నం వేసి, "వైముఖ్య అకాడమీ" అని బోర్డు కట్టారు. ఏ కాలేజీ అయినా మీ పిల్లల్ని కాళ్లావేళ్లా పడి బతిమాలేలా తీర్చిదిద్దుతామని కింద చిన్న అక్షరాలు. లాంగ్ టర్మ్ బ్యాచ్, షార్ట్ టర్మ్ బ్యాచ్, తల్లిదండ్రులకు ఆదివారం ప్రాక్టికల్స్. సిలబస్ కూడా పకడ్బందీగా ఉంది. క్యాంపస్ చూపిస్తున్నప్పుడు ఆవులించడం ఎలా? కౌన్సెలర్ మాట్లాడుతుంటే ఫోన్ చూసుకోవడం ఎలా? వేరే కాలేజీల పేర్లు పలుకుతూ నిట్టూర్చడం ఎంతసేపు?

బావ ఆ బోర్డు చూసిన రోజే లోపలికి వెళ్లి కోర్సు మొత్తానికీ డబ్బు కట్టేశాడు. అకాడమీ నడిపే పుల్లారావు మాస్టారు రసీదు ఇస్తూ బావను ఎగాదిగా చూశాడు.

"ఏవండీ, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా కట్టేశారేందండీ? బేరమన్నా ఆడాలి గదా! పాప సంగతి తర్వాత. ముందు మిమ్మల్నే ఫస్టు బెంచీలో కూర్చోబెట్టాలి నేను."

ఇంట్లో ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క నవ్వాపుకోలేకపోయింది. "పెళ్లిచూపులకొచ్చినోళ్లు పిల్ల నచ్చినా సరే, ఇంటికెళ్లి కబురు చేత్తాం అంటారు. అదన్నా మర్యాద. మీ బావ అదీ అనలా. కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే, నాకిష్టమే, ముహూర్తం ఎప్పుడు అని మన నాయన్ని అడిగాడు. ఈయనకి ఇప్పుడు ఇష్టం లేనట్టుండడం నేర్పుతారంట!"

బావ చిన్నబుచ్చుకున్నాడు. "నచ్చింది నచ్చిందని చెప్పటం తప్పయిపోయిందే" అన్నాడు మెల్లగా.

ప్రణవి మాత్రం నవ్వలేదు. "చదువుకోవాలని లేదని చెప్పడానికి కూడా చదువుకోవాలా మామయ్యా?" అని నన్నడిగింది. మెరిట్ మళ్లీ చూడమని మహోన్నతకు దరఖాస్తు పెట్టామని, సగం ఫీజు తగ్గితే తప్ప ఆ మేడం దగ్గరికి వెళ్లలేవని చెప్పాను. అది తలూపి, మర్నాటినుంచి క్లాసులకు వెళ్లింది.

అక్కడా చిక్కే వచ్చింది. ప్రణవి ఒక్క రోజూ మానకుండా వెళుతుంది, చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంటుంది. దాంతో మొదటి పరీక్షలో ఫెయిలైంది. క్రమం తప్పకుండా హాజరు కావడం ఆసక్తికి చిహ్నమని మాస్టారు మార్కులు కోసేశాడు. ఫస్టు ర్యాంకు వచ్చినవాడు అకాడమీ గడప కూడా తొక్కలేదు. ఫీజూ కట్టలేదు. వాడి ఫోటో సంపాదించి, "మా విద్యార్థి" అని పేపర్లో ప్రకటన వేసుకున్నారు. ఆ ఫోటో చూసి వాడి తండ్రి వచ్చి మాస్టారుతో దెబ్బలాడాడు. తండ్రి కూడా అంత నిరాసక్తంగా ఉండటం చూసి మాస్టారు ఆయన్ని గెస్టు ఫాకల్టీగా రమ్మని అడిగాడు.

ఏమైతేనేం, నెల తిరిగేసరికి ప్రణవి పట్టు చిక్కించుకుంది. లెక్కలు వచ్చినపిల్ల కదా, ఆవులింతను కూడా లెక్కప్రకారం అభ్యాసం చేసింది. బావకు మాత్రం ఏ మార్పూ రాలేదు. నాలుగో ఆదివారం మాస్టారు ఆయన చేతులు పట్టుకుని, "వాళ్లు పిలిచిన రోజు మీరు దయచేసి నోరు తెరవబాకండి. చేతులు జేబులో పెట్టుకోండి. కాదు, జేబులో అసలే పెట్టొద్దు" అని చెప్పి పంపాడు.

మహోన్నతవారు మెరిట్ పునర్నిర్ధారణకు మమ్మల్ని పిలిచిన రోజే వాళ్ల ప్రతిభా పురస్కార మహోత్సవం కూడా. ముందు ఆ సభకు హాజరు కావాలన్నారు. వెళ్లి కూర్చున్నాం. వేదిక మీద ముఖమల్ కుర్చీలు వరుసగా వేశారు. ఒక్కో కుర్చీకి ఒక్కో ఫోటో ఆనించి, దండ వేసి, శాలువా కప్పారు. నేను కంగారుపడి పక్కన కూర్చున్న పిల్లను, "ఏమ్మా, వీళ్లంతా ఏమయ్యారు?" అని అడిగాను.

"అబ్బే, బాగానే ఉన్నారండీ. వాళ్లు మెరిట్ స్కాలర్లు. వేరే కాలేజీల్లో చదువుకుంటున్నారు" అంది. ఆ పిల్ల పూర్తి ఫీజు కట్టి చేరినవాళ్లలో ఒకతె. అలాంటివాళ్లందరినీ హాల్లో కింద కూర్చోబెట్టి, చప్పట్లు కొట్టడానికి తరగతులవారీగా డ్యూటీలు వేశారు.

వేదిక మీది కుర్చీల్లో విక్రాంత్ కూడా ఉన్నాడు. నూటికి నూరు శాతం. అసలు మనిషి ఆ సమయంలో ఒంగోలులో పాలిటెక్నిక్ ఫారం నింపుతున్నాడు. అందరికన్నా పెద్ద బంగారు పతకం, విశ్వవిద్యాలయం నంబర్లన్నిటినీ ఇంట్లో అందరి ఫోన్లలోనూ బ్లాక్ చేయించిన ఒక కుర్రవాడికి దక్కింది. పతకాన్ని ఫోటో మెడలో వేశారు.

కులపతి మైకు ముందుకొచ్చాడు. "మన మెరిట్ ఎంత విశాలమైనదంటే, అది మన ప్రాంగణంలో ఇమడలేక దేశమంతటా వ్యాపించింది" అన్నాడు. చప్పట్లు. "అయినా మనం సంతృప్తి పడరాదు. నిరాకరించేవారికి కనీసం మనమెవరమో తెలుసు. ఆ మేరకు అందులో ఆసక్తి మిగిలే ఉంది. కాబట్టి వచ్చే సంవత్సరం నుంచి, మన పేరే వినని విద్యార్థులకు పూర్తి స్కాలర్‌షిప్ ప్రకటిస్తున్నాం. వారి నిర్మలమైన అజ్ఞానానికి భంగం కలగకుండా, ఆ విషయాన్ని వారికి తెలియజేయబోము." చప్పట్లు ఆగలేదు. డ్యూటీ మారే సమయమట, రెండు బ్యాచ్‌లూ కలిసి కొట్టాయి.

సభ అయ్యాక మమ్మల్ని సమావేశ మందిరంలోకి పిలిచారు. బల్లకు ఆ పక్క సత్యప్రమోద్, ఇద్దరు సభ్యులు. చివర, కాస్త ఎడంగా, నెరిసిన జుట్టుతో ఒకావిడ కూర్చుని ఉంది. ప్రణవి గుమ్మంలోనే ఆగి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వసుంధర మేడం" అంది నా చెవిలో. కోరం కోసం ఆవిణ్ణి కూర్చోబెట్టారని తర్వాత తెలిసింది.

గోడ మీద మా సూచిక ఎర్రగా వెలుగుతోంది. ప్రణవి కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. సంచాలకుడు పలకరిస్తే ఒకసారి విని, "హాఁ?" అంది. ఆయన కొత్త ప్రయోగశాలల గురించి చెబుతుంటే ఆవులించింది. ఎంత సహజంగా ఆవులించిందంటే, పక్క సభ్యుడికి కూడా ఆవులింత వచ్చింది. హాస్టలు ఫోటోలు చూపిస్తే ఫోన్ చూసుకుంది. "ఇతర సంస్థల నుంచి మీకేమైనా ఆహ్వానాలున్నాయా?" అంటే, పైకప్పు వైపు చూసి, "ఏమో, చూడాలి" అంది. ఆ మాటలకు తెర మీద ఎరుపు తగ్గుతూ వచ్చింది. మెరిట్ ఇరవై అయింది, నలభై అయింది. సంచాలకుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అద్భుతం! ఈ ఏడాది ఇంతటి ప్రతిభ మా ముందుకు రాలేదు" అన్నాడు. మెరిట్ యాభై దాటి, డెబ్బై మీద ఆగింది. సగం చాలు మాకు. అంతకన్నా ఎక్కువే వచ్చింది.

ఇక్కడే బావ జబ్బు తిరగబెట్టింది. పాపం ఆయన అంతసేపూ చేతులు ఒళ్లో పెట్టుకుని, పెదవులు బిగపట్టుకుని కూర్చున్నాడు. డెబ్బై చూడగానే కళ్లనిండా నీళ్లొచ్చాయి. లేచి నిలబడి దండం పెట్టి, "మీ మేలు మర్చిపోలేం సార్! మిగతా ముప్పై శాతం ఇప్పుడే కట్టేత్తా" అంటూ ఫోన్ తీసి బల్లమీదున్న స్కానర్‌కి చూపించాడు. నేను పట్టుకునేలోపు, మూలనున్న పెట్టె "చెల్లింపు అందినది, ధన్యవాదములు" అని గట్టిగా అరిచింది.

తెర భగ్గున ఎర్రబడింది. సంచాలకుడూ, ఇద్దరు సభ్యులూ బాధగా ఒకరినొకరు చూసుకున్నారు.

"చెల్లింపు జరిగిన మరుక్షణం సందేహం నశిస్తుంది. సందేహంతోపాటు మెరిట్ కూడా" అన్నాడు సంచాలకుడు. నిజానికి ఆయన మొహంలోనూ విచారమే కనిపించింది. "అయినా ఇంతటి ప్రతిభను వదులుకోవడం మాకూ ఇష్టం లేదు. తండ్రి ఆసక్తిని కుమార్తె ఆసక్తి నుంచి వేరుచేసే వెసులుబాటు ఒకటుంది. అమ్మా, గణాంకశాస్త్రం అంటే మీకు ఇష్టం లేదని, తండ్రిగారి ఒత్తిడి వల్లే దరఖాస్తు చేశారని మా ఎదుట ఒక్క మాట చెప్పండి. సగం స్కాలర్‌షిప్ నిలుపుతాం."

సగం. జనవరి నుంచీ మేం అడుగుతున్నది అదే. నేను ప్రణవి వైపు చూసి, చెప్పెయ్యమని కళ్లతోనే బతిమాలాను. బావ తలకాయ వంచుకుని నేల చూస్తున్నాడు. ఒక్క మాటే కదా, ఆ మాట అనేస్తే నాలుగేళ్లు దానికి కావలసిన చదువు దొరుకుతుంది.

ప్రణవి సంచాలకుణ్ణి చూడలేదు. బల్ల చివరనున్న ఆవిణ్ణి చూసింది. ఆవిడ కాగితం మీద కలం పెట్టి ఏమీ రాయకుండా కూర్చుని ఉంది.

"ఈ కాలేజీ అంటే ఇష్టం లేదని ఎన్నిసార్లయినా చెప్తా సార్. ఆ సబ్జెక్టు ఇష్టం లేదని చెప్పలేను" అంది ప్రణవి. గొంతు చిన్నదే గాని తడబడలేదు. "మేడం ఆ రోజు వాడరేవు చేపల గురించి చెప్పారు. నేను వెళ్లి పడవలవాళ్లని అడిగి లెక్కలు రాసుకున్నా. నాకది ఇష్టమే."

వసుంధరగారు ఏదో చెప్పబోయినట్టు తల ఎత్తారు. సంచాలకుడు ఆవిడ వైపు ఒకసారి చూశాడు. ఆవిడ తల మళ్లీ వంగిపోయింది. ఆవిడ మీద కూడా నాకు కోపమొచ్చింది. ఆ ఒక్క క్షణం ఆవిడ నోరు విప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. విప్పలేదు, అంతే.

"పడవల దాకా వెళ్లారా?" అన్నాడు సంచాలకుడు నిస్త్రాణగా. "సెమినార్ ముగిశాక కూడా? సొంత ఖర్చుతో?" పక్క సభ్యుడు నిబంధనావళి తిరగేసి ఒక పేజీ ఆయన ముందు పెట్టాడు. ఆయన చదివి నిట్టూర్చాడు. "ఇక చేయగలిగిందేమీ లేదండీ. ఇంతటి ఆసక్తికి సున్నా శాతం కూడా ఎక్కువే అవుతుంది. అత్యాసక్తి అదనపు రుసుము కింద, పూర్తి ఫీజుపై మరో పది శాతం చెల్లించవలసి ఉంటుంది. సంస్థ మీద మీకున్న అభిమానానికి కృతజ్ఞతలు."

బయటికొచ్చాక బావ మెట్లమీద కూలబడ్డాడు. "నా వల్లే తల్లీ. ఇంకొక్క గంట ఆ ఫోను తియ్యకుండా ఉంటే అయిపోయేది" అని ఏడ్చాడు. అంత పెద్దమనిషి, గేటు ముందు, వచ్చేపోయే వాళ్లంతా చూస్తుండగా. ప్రణవి ఆయన పక్కన కూర్చుని, "నువ్వు కట్టావు నాన్నా. దొంగతనం చెయ్యలేదుగా" అంది. ఆ విశ్వవిద్యాలయంలో ఆ రోజు నేను విన్నవాటిలో తెలివైన మాట అదొక్కటే.

కట్టిన డబ్బు ఇంతవరకూ తిరిగి రాలేదు. అడగడానికి వెళితే గేటు దగ్గర మళ్లీ నమోదవుతుందని బావ వెళ్లడం మానేశాడు.

జూలైలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేర్పించడానికి ముగ్గురం వెళ్లాం. గణాంకశాస్త్రం ఉంది గాని, దానికి ఒకే లెక్చరరు. పెచ్చులూడిన గదిలో, ఫ్యాను కింద కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్నాడు. ఆయన ప్రణవి మార్కుల జాబితా అందుకుని చూశాడు. మళ్లీ చూశాడు. ఇంతమంచి మార్కులున్న పిల్ల తన గదికి రావడం చాలాకాలం తర్వాత కాబోలు, పేపర్లు పక్కకు నెట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఎవరో తోసేస్తే వచ్చావా, ఇష్టపడే తీసుకుంటన్నావా అమ్మా ఈ సబ్జెక్టు?" అన్నాడు సంతోషంగా.

ప్రణవి బావ వైపు చూసింది. బావ గబుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. అది నా వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది. బల్లమీదికి కొంచెం వంగి, బయటికి వినపడకుండా గొంతు తగ్గించి అడిగింది.

"ఇష్టమేనని చెప్తే ఫీజు పెరుగుద్దా సార్?"

ఆయన నవ్వబోయి, మా ముఖాలు చూసి ఆగిపోయాడు.